రంగు తిరిగి చెప్పే బాపమ్మ

ఈ సాయంత్రం మిక్సీలో పల్లీల చట్నీ తిరుగుతుండగా, కుక్కరు కూడా అదే అదునుగా కూత వేస్తుండగా, మా పాప వంటింటి గడపలో నిలబడి ఏదో అంది. సగమే వినిపించింది. మామూలుగా అయితే మిక్సీ ఆపి, గిర్రున వెనక్కి తిరిగి, ఏమైంది, ఎందుకు, ఎవరన్నారు అని ఒక్క గుక్కలో ప్రశ్నలన్నీ గుప్పించేదాన్ని. కానీ ఒక చేయి మిక్సీ మూత మీద, ఇంకో చేయి స్టవ్ మీద ఉండటంతో అది కుదరలేదు, విన్న సగం మాటనే నా నోరు తనంతట తాను తిరిగి చెప్పింది.

"రేపు ఆటోల పోనంటానవ్."

అన్నాక నేనే ఉలిక్కిపడ్డాను. ఆ గొంతు నాది కాదు! ఆ సాగదీత, చివర్న ప్రశ్న లేకపోవడం, చేస్తున్న పని మీది నుంచి తల ఎత్తకపోవడం, అన్నీ మా బాపమ్మవి. మా నాన్నను కన్న తల్లిని మేము బాపమ్మ అని పిలిచేవాళ్ళం. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందో తెలియదు గాని, సరిగ్గా కావలసిన వేళకు నా నోట్లోంచి పలికింది. ఆ తర్వాత జరిగింది రాయకపోతే ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు. తండ్రీ కూతుళ్ళిద్దరూ నిద్రపోయారు, నాకు మాత్రం ఒంట్లో రక్తం పరుగులు తీస్తూనే ఉంది. మగ్గాల చప్పుడులో పుట్టి, ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో పిల్లల్ని పెంచుతున్న నా ఈడువాళ్ళకు ఈ సంగతి చెప్పి తీరాలి.

దసరా సెలవుల తర్వాత బడి తెరిచినప్పటి నుంచి ఒకటో తరగతి చదివే మా పాప మాట్లాడటం మానేసింది. ఆకలైతేనో, నీళ్ళు కావాలంటేనో ఒక ముక్క, అంతే. అంతకుముందు ఆటో దిగి మూడో అంతస్తు ఎక్కేలోపు, ఎవరి టిఫిన్ డబ్బాలో ఏం కూర వచ్చిందో, ఎవరి పన్ను ఊడి బల్ల మీద పడిందో, టీచర్ చీర రంగేమిటో అన్నీ చెప్పేసే పిల్ల. టీచర్ నన్ను పిలిపించి, క్లాసులో కూడా నోరు విప్పడం లేదండీ, ఒకసారి ఎవరికైనా చూపించండి అంది. ఆ "ఎవరికైనా" అన్న మాట నా గుండెలో ముల్లులా దిగిపోయింది. ఇక్కడే వరంగల్ యూనివర్సిటీలో పెద్ద చదువు చదివిన నాకు ఆ చదువు ఇచ్చిందేమిటంటే, పేపర్లో పిల్లల గురించి వచ్చే ప్రతి పాడువార్తనూ చివరి అక్షరం దాకా చదవడం, చదివిన ప్రతిదాంట్లోనూ మా పిల్ల ముఖం చూసుకోవడం. స్నానం చేయిస్తూ ఒళ్ళంతా వెతికాను. జడ వేస్తూ అడిగాను, అన్నం కలుపుతూ అడిగాను, నిద్రలో పక్కకు తిరిగితే కూడా అడిగాను. అడిగినకొద్దీ అది పెదవులు ఇంకా గట్టిగా బిగించుకునేది.

ధాన్యం మార్కెట్‌లో గుమస్తా పని చేసే మావారు ఒకరోజు మంచం మీంచే అన్నారు: "జర ఆపరాదే. నువ్వు గట్ల అడుగుతాంటే, ఏ తప్పు చెయ్యకున్నా నాకే ఒప్పుకోబుద్ధి అయితాంది."

నవ్వొచ్చింది గాని ఆపలేదు. పిల్లలతో ఎలా మాట్లాడాలో చెప్పే వీడియోలు ఫోన్లో వెతికి వెతికి చూశాను. వాటిలో చెప్పినట్టే మోకాళ్ళ మీద కూర్చొని, కళ్ళల్లోకి చూస్తూ, నువ్వు బాధపడుతున్నావని నాకు అర్థమవుతోంది అని నెమ్మదిగా అప్పజెప్పాను. పాప నన్ను ఎగాదిగా చూసింది. అన్ని రోజుల్లో అది పలికిన పెద్ద వాక్యం ఇదే కావచ్చు.

"అమ్మా, నువ్వెందుకు ఫోన్ల మేడమ్ లెక్క మాట్లాడుతానవ్?"

ఇక బాపమ్మ సంగతి.

నేను పుట్టిన ఇల్లు వరంగల్‌లో జంపఖానాలు నేసేవాళ్ళ గల్లీలో ఉండేది. ముందుగదిలో సగం చోటు గుంట మగ్గానిదే. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు జారవిడిచి, గుంట అంచున పక్కపక్కనే కూర్చొని తాత, బాపమ్మ ఒకే జంపఖానా నేసేవారు. పొద్దున నేను నిద్ర లేచేసరికే ఆమె నడుము దాకా నేలలో ఉండేది కాబట్టి, బాపమ్మలంటే పగటిపూట సగమే పైకి ఉంటారని చాలాకాలం నేను నిజంగానే అనుకున్నాను. డిజైన్ అంతా తాత తలలో ఉండేది. ఆయన రంగు పిలవాలి, బాపమ్మ ఆ రంగు దారాన్ని పడుగు పోగుల మధ్య దూర్చాలి, ఆ తర్వాత పంజాతో, అంటే ఇనుప పళ్ళున్న దువ్వెనలాంటి పనిముట్టుతో, ఇద్దరూ దాన్ని దిగ్గొట్టాలి. అయితే కుడిపక్క ఇంట్లో, ఎడమపక్క ఇంట్లో, ఎదురింట్లో కరెంటు మగ్గాలు ఆడుతూ ఉండేవి. ఆ టకటకల్లో ఎర్ర అన్నది పచ్చగా వినబడటం ఎంతసేపు? అందుకే మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. పిలిచిన రంగును తిరిగి చెప్పకుండా దారం ముట్టకూడదు.

"ఎర్ర," అనేవాడు తాత.

"పచ్చంటానవ్," అనేది బాపమ్మ.

"పచ్చ నీ తలకాయ! ఎర్రంటాన."

"ఎర్రంటానవ్. గట్లనే కానీ."

కోపం లేదు, సంజాయిషీ లేదు. పంజా పడనంతవరకు ఎన్నిసార్లు తప్పు చెప్పినా తప్పు కాదు, దిద్దుకుంటే సరిపోయేది. పడ్డాక మాత్రం గోళ్ళు నొప్పి పుట్టేలా ఒక్కొక్క పోగూ పీక్కోవాలి. అలా ఏళ్ళ తరబడి కూర్చున్నందుకో ఏమో, ఆమెకు మనుషుల మాటలన్నీ రంగుల్లాగే వినిపించేవి. పెన్సిల్ విరిగిందని ఏడుస్తూ వస్తే, పెన్సిల్ విరిగిందంటానవ్ అనేది. ఎలా విరిగింది, ఎందుకు విరగ్గొట్టావు అనేది కాదు. అలా అనేసరికి, విరిగింది పెన్సిల్ మాత్రమే కాదు, పక్కపిల్లతో స్నేహం కూడా అని మనమే చెప్పేసేవాళ్ళం. మా అమ్మకు మాత్రం ఒళ్ళు మండేది. పిల్ల చెప్పిన ముచ్చట పిల్లకే చెప్తే ఏమొస్తదత్తమ్మా అని దెప్పేది. గల్లీలో పిల్లలైతే మీ బాపమ్మకు చెవుడా అని నన్ను ఏడిపించేవాళ్ళు.

ఆ రోజుల్లోనే తాతకు చూపు తగ్గింది. దారాల్లో నీలానికీ నలుపుకూ తేడా తెలియకుండా పోయింది. మా కాక, అంటే నాన్న తమ్ముడు, మగ్గం తీసేసి ఆ గదిలో కరెంటు మగ్గం పెడతానన్నాడు. గుంట పూడ్చి సిమెంటు చేయించాలని, మట్టి ఎక్కడ దొరుకుతుందని, పెద్దవాళ్ళు భోజనాల దగ్గర మాట్లాడుకోవడం నేను కంచం ముందు కూర్చొని విన్నాను. మర్నాటి నుంచి నాకు కడుపునొప్పి మొదలైంది. బడి పేరెత్తితే చాలు, గుంజను పట్టుకొని మెలికలు తిరిగేదాన్ని.

ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో మందు పట్టారు. అమ్మ నా రెండు భుజాలూ పట్టుకొని, ఎవలు కొట్టిండ్రే, పంతులమ్మ ఏమన్నదే అని ఊపేసింది. నాన్న బేకరీ నుంచి క్రీము బన్ను తెచ్చాడు. బన్ను తిన్నాను, బడికి పోలేదు. మేనత్త ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసి, పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు చూసిండ్రా అని అందరినీ పిలిచి చూపించింది, తను దగ్గుతూనే. దవాఖానలో గులాబీ రంగు మందు రాసిచ్చారు. అది తియ్యగా ఉండటంతో నొప్పి ఇంకాస్త పెరిగింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, అప్పుడు నా కడుపులో నిజంగానే ఏదో మెలిపెట్టేది. ఎవరికి చెప్పాలో, ఏమని చెప్పాలో తెలియని భయం అది.

ఒక మధ్యాహ్నం తాత చాయ్ తాగడానికి గల్లీ చివరికి వెళ్ళాడు. బాపమ్మ ఒక్కతే మగ్గం మీద ఉంది. నేను వెళ్ళి గుంట అంచున, తాత చోట్లో కూర్చున్నాను. ఆమె నా వైపు చూడలేదు. దారం దూరుస్తూనే ఉంది.

"కడుపు నొస్తాంది," అన్నాను.

"కడుపు నొస్తాందంటానవ్."

"బడికి పోతెనే నొస్తది."

"బడికి పోతెనే నొస్తదంటానవ్. ఇంట్ల ఉంటే నొయ్యది."

"ఇంట్ల కాదు. ఈడ. ఈ గుంట కాడ ఉంటె నొయ్యది."

పంజా పట్టుకున్న చేయి గాలిలో ఆగింది. ఇంకెవరైనా అయితే, గుంటకేమైందే అని అక్కడే మాటను పట్టి గుంజేవాళ్ళు. ఆమె పంజా దించలేదు, ప్రశ్నా వేయలేదు.

"గుంట కాడ ఉంటె నొయ్యదంటానవ్," అంది మెల్లగా.

"నేను బడికి పోంగనే కాక గుంట పూడుస్తడు."

"నువ్వు బడికి పోంగనే కాక గుంట పూడుస్తడు. గుంట పోతే మగ్గం పోతదని నీ ఫికరు."

"మగ్గం కాదు!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే పక్కింటి మగ్గాల చప్పుడు కూడా ఒక్క క్షణం వినబడలేదు. "నీ కాళ్ళు! గుంట పూడిస్తే నువ్వు కాళ్ళు యాడ పెట్టుకుంటవ్?"

ఆమె పంజాను ఒడిలో పెట్టుకుంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. రెండు చేతులూ నేలకు ఆనించి, గుంటలోంచి కాళ్ళు ఒక్కొక్కటే పైకి తీసి, నా ముందు చాపింది. అరికాళ్ళ నడుమ, గుంటలో మగ్గం ఆడించే తొక్కుడు చెక్కలు ఒరుసుకున్న చోట చర్మం గట్టిపడి నల్లగా మెరుస్తోంది.

"నా కాళ్ళు యాడ పెట్టుకుంటనో అని నీ కడుపు నొస్తాంది," అంది. ఈసారి నేను కాదనలేదు. ఆ క్షణాన కడుపులో మెలి విడిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది విడిన చోటు నాకు వేలు పెట్టి చూపించగలిగినట్టు గుర్తుంది.

రాత్రి భోజనాల దగ్గర కాక ఈ సంగతి విని పొట్ట పట్టుకొని నవ్వాడు. బాపమ్మ గిన్నె కింద పెట్టి కాక వైపు తిరిగింది.

"నవ్వకురా. గుంట పూడుస్తనని మట్టి అడిగినవ్, సిమెంటు అడిగినవ్. నన్ను అడిగినవా? ఇది అడిగింది."

కాక నవ్వు ఆగిపోయింది. గుంట పూడ్చడం మాత్రం ఆగలేదు. తాత కళ్ళకు మరో దారి లేదు. కానీ పూడ్చేది ఆదివారం నాడే అని, ఈ పిల్ల ఇంట్లో ఉన్నప్పుడే అని బాపమ్మ పట్టుబట్టింది. మొదటి తట్ట మట్టి నా చేతా, ఆమె చేతా కలిపి వేయించింది. నేను మర్నాడు బడికి పోయాను. సాయంత్రం పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చేసరికి ఆమె అరుగు అంచున కూర్చొని, ముందున్న మోరీ కాలువ మీదుగా కాళ్ళు వేలాడేసుకొని, గల్లీని చూస్తోంది. చూడు, దొరికింది జాగ అన్నట్టు కాళ్ళు ఊపింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆమె అలాగే కూర్చుంది. మాట్లాడుతున్నప్పుడు కూడా ఆ పాదాలు ఒకటి కిందికి, ఒకటి పైకి, లేని చెక్కల్ని తొక్కుతూనే ఉండేవి.

ఇదంతా నేను మరచిపోయాననుకున్నాను. ఈ సాయంత్రం మిక్సీ మోతలో నా నోటివెంట ఆ మాట వచ్చేదాకా.

రేపు ఆటోల పోనంటానవ్ అన్నానా, పాప గడపలోంచి ఒక అడుగు లోపలికి వేసింది. మిక్సీ ఆపబోయిన చేతిని ఆపుకున్నాను. వెనక్కి తిరగలేదు. వేగం మాత్రం కొంచెం తగ్గించాను, దాని గొంతు అందేంతగా.

"పోత. కని ముంగట కూసోను."

"పోతనంటానవ్. ముంగట కూసోవు, ఎనుక కూసుంటవ్."

"ఎనుక గూడ వద్దు. నడిమిట్ల. కనపడకుంట."

కనపడకుండా! పేపర్లో చదివినవన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. ఎవరికి కనపడకుండా, ఎవడు వాడు, ఏం చేశాడు అని గొంతు దాకా వచ్చింది. పంజా ఎత్తి పట్టుకున్న బాపమ్మ చేయి గుర్తొచ్చింది. నా చేయి ఎలా నిలిచిందో ఆ దేవుడికే తెలియాలి.

"నడిమిట్ల కూసుంటనంటానవ్. ఎవ్వలకు కనపడొద్దు."

"ఎవ్వలకు కాదమ్మా!" నాకు ఏమీ తెలియదన్నంత విసుగ్గా అంది. "పోలీసు అంకుల్‌కే!"

"పోలీసు అంకుల్‌కే కనపడొద్దంటానవ్."

ఇక కట్ట తెగింది. సెలవుల తర్వాత ఆటోలో పిల్లలు బాగా ఎక్కువయ్యారట. చౌరస్తా దగ్గర పోలీసు కనిపించినప్పుడల్లా ఆటో అంకుల్, ఎవ్వలు మాట్లాడకుండ్రి, ఎంతమంది ఉన్నరో ఎవ్వలకు చెప్పకుండ్రి, చెప్తే నన్ను పట్టుకపోతరు అంటాడట. అంకుల్ అద్దం దగ్గర వాళ్ళ చిన్నపాప ఫోటో ఉందట, ఆ పాపకు ఇంకా పళ్ళు కూడా రాలేదట, అంకుల్‌ను పట్టుకపోతే ఆ పాపను ఎవరు ఎత్తుకుంటారట! అందుకని ఎవ్వరితోనూ ఏమీ మాట్లాడలేదట. టీచర్‌తో కూడా. నాతో కూడా.

"నాతోని గూడ మాట్లాడలేదంటానవ్," అన్నాను.

"నోరు తెరిస్తే అది గూడ బయటికొస్తదని," అంది.

మిక్సీ ఆపేశాను. చట్నీ ఎప్పుడో నీళ్ళలా అయిపోయింది. నేల మీద కూలబడి దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను, ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఏ పాడూ జరగలేదు! నా పిల్లకు ఏమీ కాలేదు! ఇన్ని రోజులూ ఈ చిన్న నోరు ఒక మనిషిని జైలు నుంచి కాపాడుతూ కాపలా కాసింది, అంతే!

మావారు రాగానే ఆటో అతనికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాం. అతను ముందు నవ్వాడు, తర్వాత నవ్వలేకపోయాడు.

"అయ్యో అక్కా, పోరగాండ్లు లొల్లి చెయ్యకుంట ఉంటరని ఊకెనే అన్న. ఇది గింత మనసుల పెట్టుకుంటదని నాకేమెరుక?"

"లొల్లి సంగతి తర్వాత తమ్మీ, గంతమందిని ఎక్కించుడేంది?" అన్నారు మావారు, ఫోన్ మీదికి వంగి. "ఒకరోజు పోలీసోడు కాదు, మేమే పట్టుకుంటం నిన్ను."

అతను దిగివచ్చాడు. రేపటి నుంచి రెండు ట్రిప్పులు కొడతానని, పిల్లను కొంచెం ముందుగా తయారుచేసి ఉంచమని ఒప్పుకున్నాడు. పాప నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అంకుల్, రెండు ట్రిప్పులు కొడ్తనంటానవ్?"

"కొడ్త బిడ్డా."

"నిన్ను ఎవ్వలు పట్టుకపోరంటానవ్?"

"ఎవ్వలు పట్టుకపోరు. నువ్వు మస్తు మాట్లాడు."

మాట్లాడింది! అన్నం తింటూ మాట్లాడింది, చెయ్యి కడుక్కుంటూ మాట్లాడింది, దసరా నుంచి పేరుకుపోయిన పళ్ళూ, టిఫిన్ డబ్బాలూ, టీచర్ చీరలూ అన్నీ వరదలా వచ్చాయి. మావారు చెవులు మూసుకున్నట్టు నటిస్తూ, దీని నోరు ఎందుకు తెరిపిచ్చినవే అన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

పడుకునే ముందు దానికి బాపమ్మ కథ చెప్పాను. చెబుతుంటే ఆ గల్లీ అంతా కళ్ళ ముందు ఆడింది. మొన్న అటు వెళ్ళినప్పుడు చూశాను, ఆ ముందుగదిలో ఇప్పుడు టైల్స్ ఉన్నాయి, గుంట ఉన్నచోట ఫ్రిజ్ ఉంది. కాక పెట్టిన కరెంటు మగ్గం కూడా ఎప్పుడో ఇనుప సామానుకు పోయింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగు కొట్టేశారు. ఒకప్పుడు పక్కనున్న మనిషి మాట వినాలంటే చెవులు రిక్కించాల్సిన గల్లీలో, ఎవరింట్లో ఎవరి ఫోన్ మోగినా నాకు స్పష్టంగా వినిపించింది. మా ఫ్లాట్ అయితే ఇంకా నిశ్శబ్దం. ఇక్కడ ఏ మాటనూ రెండోసారి చెప్పాల్సిన అవసరం రాదు. అందుకేనేమో ఇన్ని రోజులు నాకది గుర్తుకే రాలేదు.

కథ అయిపోయిందనుకొని లైటు తీయబోతుంటే పాప దుప్పట్లోంచి తల బయటపెట్టింది.

"మరి ఇప్పుడు బాపమ్మ కాళ్ళు యాడ పెట్టుకుంటది?"

బాపమ్మ లేదని దానికి తెలుసు. గోడ మీద ఫోటో చూపించి ఎన్నోసార్లు చెప్పాను. మళ్ళీ చెప్పబోయాను, ఆగాను.

"బాపమ్మ కాళ్ళు యాడ పెట్టుకుంటదంటానవ్."

"సోఫా మీద కూసుంటె కిందికే ఉంటయి గద. మనింటికి రమ్మను."

"మనింటికి రమ్మనంటానవ్," అన్నాను.

ఈసారి అది కాదనలేదు. కళ్ళు మూసుకొని, దుప్పటి కింద కాళ్ళు కదుపుతూ నిద్రలోకి జారుకుంది.